ఏడ్చిన హాలు, నవ్విన విమర్శ

2021లో అమెరికాలో ఓ విచిత్రం జరిగింది. రాన్ హవర్డ్ తీసిన ‘హిల్‌బిల్లీ ఎలెజీ’లో, మత్తుకు బానిసైన కూతురిని భరిస్తూ మనవడిని పెంచే అమ్మమ్మగా గ్లెన్ క్లోజ్ నటించింది. ఆ పాత్రకు ఆమెను ఉత్తమ సహాయ నటిగా ఆస్కార్‌కు నామినేట్ చేశారు. ఏటా చెత్త సినిమాలను ఏరే రాజీ అవార్డుల వాళ్ళు కూడా అదే పాత్రకు ఆమె పేరును చెత్త సహాయ నటి జాబితాలో పెట్టారు. చివరికి రెండూ ఆమెకు రాలేదు. ఒకే ముఖం, అవే అరుపులు, అవే కన్నీళ్ళు. అయినా ఒకరికి అది నిజంలా కనిపించింది, ఇంకొకరికి అతిలా కనిపించింది.

కుటుంబ కథాచిత్రాల మీద వచ్చిన విమర్శ చరిత్ర మొత్తం ఆ రెండు జాబితాల మధ్యే నడిచింది. మన సమీక్షల్లో ఈ అతికి వాడే మాటలు అందరికీ కంఠతా వచ్చు. సెంటిమెంట్ పిండేశారు, ఏడుపుగొట్టు సినిమా, సాగదీత, ఓవరాక్షన్, మహిళా ప్రేక్షకులను ఉద్దేశించి తీసింది. ఈమధ్య వీటికి ‘సీరియల్‌లా ఉంది’ అన్నది తోడైంది. మాటలు మారుతున్నాయి గానీ తీర్పు పెద్దగా మారలేదు. సినిమా గట్టిగా ఏడిస్తే విమర్శకుడు కాస్త దూరంగా జరిగి కూర్చుంటాడు. పాతికేళ్ళకో యాభై ఏళ్ళకో మరొకరు వచ్చి ఆ సినిమా గొప్పదని నిరూపిస్తారు. అప్పటికి ఆ హాల్లో ఏడ్చినవాళ్ళు చాలామంది ఉండరు. ఇలా ఎందుకు జరుగుతోంది, తిరగరాసినవాళ్ళయినా న్యాయంగా రాశారా అన్నవే ఈ వ్యాసం తడిమే ప్రశ్నలు.

ఎక్కువగా చర్చకు వచ్చిన ఉదాహరణ డగ్లస్ సర్క్‌ది. 1897లో హాంబర్గ్‌లో పుట్టిన ఈ జర్మన్ దర్శకుడు నాటకరంగంలో పేరు తెచ్చుకుని, ఉఫా స్టూడియోలో సినిమాలు తీసి, యూదురాలైన భార్య కోసం 1937లో దేశం విడిచాడు. 1950లలో హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోకు వరసగా కుటుంబ చిత్రాలు తీశాడు. ‘మాగ్నిఫిసెంట్ అబ్సెషన్’ (1954), ‘ఆల్ దట్ హెవెన్ అలౌస్’ (1955), ‘రిటెన్ ఆన్ ద విండ్’ (1956), ‘ఇమిటేషన్ ఆఫ్ లైఫ్’ (1959) వాటిలో ముఖ్యమైనవి. ఆడవాళ్ళు హాళ్ళు నింపారు, స్టూడియోకు డబ్బు వచ్చింది. న్యూయార్క్ టైమ్స్‌లో బాస్లీ క్రౌథర్ వంటి పెద్ద విమర్శకులు మాత్రం వాటిని చులకనగా చూశారు. రంగులు ఎక్కువ, వయొలిన్లు ఎక్కువ, ఏడుపు ఎక్కువ అన్నది వాళ్ళ సారాంశం. 1959 సినిమా పెద్ద విజయం సాధించిన తర్వాత అరవై రెండేళ్ళ సర్క్ హాలీవుడ్‌కు దణ్ణం పెట్టి వెళ్ళిపోయి స్విట్జర్లాండ్‌లో స్థిరపడ్డాడు.

ఆ చిత్రాల్లో ఒక దృశ్యాన్ని దగ్గరగా చూద్దాం. ‘ఆల్ దట్ హెవెన్ అలౌస్’లో జేన్ వైమన్ పోషించిన కేరీ ఒక చిన్న పట్నంలో ఉండే వితంతువు. ఎదిగిన కొడుకు, కూతురు ఉన్నారు. తనకంటే చిన్నవాడైన తోటమాలిని ఇష్టపడుతుంది. ఆ పాత్ర రాక్ హడ్సన్‌ది. ఊళ్ళో నలుగురూ నవ్వుతారు, పిల్లలు అలుగుతారు. పిల్లల కోసం ఆమె అతన్ని వదులుకుంటుంది. క్రిస్మస్ నాడు కూతురు తన పెళ్ళి కబురు చెబుతుంది. కొడుకు విదేశంలో ఉద్యోగం చూసుకున్నానంటాడు. ఎవరి కోసం ఆమె అంత త్యాగం చేసిందో వాళ్ళు ఇల్లు వదిలిపోతున్నారు. వెళ్తూ ఆమె ఒంటరితనానికి మందుగా ఒక టెలివిజన్ సెట్టు కొనిస్తారు. అమ్మకందారు దానికి రిబ్బను కట్టి తెచ్చి, మీట తిప్పితే చాలు, లోకమంతా మీ గదిలోనే ఉంటుందని చెబుతాడు. కెమెరా ఆ తెర దగ్గరికి వెళ్తుంది. ఇంకా వెలగని ఆ గాజులో కేరీ ముఖం కనిపిస్తుంది. బిడ్డలు తల్లిని ఒక పెట్టెలో పెట్టి మూసేశారన్న మాట. ఇందులో ఎవరూ అరవరు, ఎవరూ ఏడవరు. అతి అని పేరుపడ్డ సినిమాలోనే ఇంత నిశ్శబ్దమైన క్రూరత్వం ఉంది. దీన్ని ఆనాటి సమీక్షకులు పట్టించుకోలేదు.

పట్టించుకున్నది తర్వాతి తరం. ఫ్రెంచ్ పత్రిక కాయే దు సినిమా 1967లో సర్క్‌కు పెద్దపీట వేసింది. 1971లో జాన్ హాలిడే ఆయనతో జరిపిన సంభాషణలు పుస్తకంగా వచ్చాయి. అదే ఏడాది బ్రిటిష్ పత్రిక స్క్రీన్ ప్రత్యేకంగా ఆయన మీద రాసింది. 1972లో ఎడింబరో చిత్రోత్సవం ఆయన సినిమాలు వరసగా చూపించింది. ఆ ఏడే థామస్ ఎల్సేసర్ రాసిన వ్యాసం ఈ చర్చకంతటికీ పునాది అయింది. బయట సమాజంలో తేలని వర్గ వైరుధ్యం ఇంటి నాలుగు గోడల మధ్యకు చేరినప్పుడు మాటల్లో పట్టదు, అందుకే రంగుల్లో, మెట్లలో, అద్దాల్లో, సంగీతంలో పొంగుతుంది అన్నది ఆయన వాదన. జర్మనీలో యువ దర్శకుడు ఫాస్‌బిండర్ 1971లో సర్క్ చిత్రాల మీద ఆరాధనతో రాశాడు. 1974లో ‘అలీ: ఫియర్ ఈట్స్ ద సోల్’ తీశాడు. అందులో ముసలి పనిమనిషి మొరాకో కార్మికుణ్ణి పెళ్ళాడానని చెప్పగానే కొడుకు లేచి ఆమె టీవీని కాలితో తన్ని పగలగొడతాడు. సర్క్ సినిమాలో పిల్లలు కానుకగా ఇచ్చింది ఇక్కడ తన్ను తింది. ఒక సినిమా మీద ఇంతకంటే మంచి విమర్శ వ్యాసాల్లోనూ అరుదు. 1977లో లారా మల్వీ, ఆ తర్వాత ఎందరో స్త్రీవాద విమర్శకులు ఇదే దారిలో నడిచారు. 2002లో టాడ్ హేన్స్ ‘ఫార్ ఫ్రమ్ హెవెన్’తో ఆ రంగుల్ని మళ్ళీ తెరకెక్కించాడు.

తీర్పు తిరగబడింది, మంచిదే. కానీ అది తిరగబడిన తీరు మీద నాకొక పేచీ ఉంది. 1970లలో సర్క్‌ను ఎత్తిన వాళ్ళలో చాలామంది ఆయన తన కథను తానే లోపల్లోపల వెక్కిరించాడని, పైకి కనిపించే ఏడుపు వెనక చల్లని బుద్ధి ఉందని చెప్పి ఎత్తారు. అంటే ఆ సినిమాలు గొప్పవి, ఎందుకంటే అవి నిజంగా ఏడిపించే సినిమాలు కావు. ఈ వాదనలో దర్శకుడికి న్యాయం జరిగింది, ప్రేక్షకురాలికి జరగలేదు. ఆమె అప్పుడూ అమాయకురాలే, ఇప్పుడూ అమాయకురాలే. మొదటి విమర్శకుడు ఆమె కన్నీళ్ళను చూసి నవ్వాడు, రెండో విమర్శకుడు ఆమెకు అసలు సంగతి అర్థం కాలేదన్నాడు. లిండా విలియమ్స్ 1991లో రాసిన వ్యాసంలో ఈ ఇబ్బంది మూలాన్ని తాకింది. భయపెట్టే సినిమా, శృంగార సినిమా, కన్నీటి సినిమా ఈ మూడింటికీ మర్యాద లేకపోవడానికి ఒక ఉమ్మడి కారణం ఉందంది. తెర మీది శరీరానికి జరిగేది చూసేవారి శరీరానికీ పాకుతుంది. శరీరం స్పందించిన చోట బుద్ధి పనిచేయదని చదువుకున్నవాళ్ళ నమ్మకం. నేను ఆ నమ్మకాన్ని ఒప్పుకోను. ‘ఇమిటేషన్ ఆఫ్ లైఫ్’లోని అంత్యక్రియల దృశ్యమే అందుకు సాక్ష్యం.

కథ తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. లానా టర్నర్ పాత్ర లోరా నాటకాల్లో పైకొచ్చే తెల్ల నటి. జువానిటా మూర్ పాత్ర ఆనీ ఆమె ఇంట్లో పని చూసుకుంటూ ఏళ్ళ తరబడి కలిసి బతికిన నల్ల స్త్రీ. ఆనీ కూతురు సారా జేన్ తెల్లగా పుట్టింది, తెల్లపిల్లగా చలామణీ కావడానికి తల్లినే కాదంటుంది. ఒకరోజు ఆనీ తన స్నేహితుల గురించి మాట్లాడుతుంటే, నీకు ఇంతమంది స్నేహితులున్నారని నాకు తట్టనే లేదని లోరా ఆశ్చర్యపోతుంది. మీరెప్పుడూ అడగలేదు కదా అని ఆనీ మామూలుగా అంటుంది. అంతే, దృశ్యం ముందుకు పోతుంది. తర్వాత ఆనీ చనిపోతుంది. చర్చి కిక్కిరిసిపోతుంది. సువార్త గీతాల గాయని మహేలియా జాక్సన్ నిలబడి పాడుతుంది. తెల్ల గుర్రాలు కట్టిన శవవాహనం, బ్యాండు, వీధికి రెండు వైపులా జనం. సారా జేన్ ఆ జనాన్ని తోసుకుంటూ వచ్చి పెట్టె మీద పడి ఏడుస్తుంది.

ఇది అతి అన్నారు. పనిమనిషికి అంత ఊరేగింపా అని అడగవచ్చు కూడా. జవాబు ముందు దృశ్యంలోనే ఉంది. లోరా అడగని జీవితం, సినిమా కూడా అంతవరకు చూపని జీవితం, ఆ ఒక్కరోజు వీధి పట్టనంతగా బయటికొచ్చింది. ఆ ఊరేగింపు ఆనీ తన కోసం ముందే ఏర్పాటు చేసుకున్నది. బతికినన్నాళ్ళూ వంటగదిలో ఒదిగిన మనిషి పోయేటప్పుడు ఊరిని నింపుతుంది. ఇక్కడ పరిమాణమే అర్థం. దీన్ని తగ్గించి తీస్తే సంయమనం ఉందని మెచ్చుకునేవారేమో గానీ, ఆనీని రెండోసారి వంటగదిలోకి తోసినట్టయ్యేది. హాల్లో ఏడ్చినవాళ్ళకు ఈ లెక్క తెలియకుండానే కన్నీళ్ళు రాలేదు. జువానిటా మూర్, సారా జేన్ పాత్రధారిణి సూజన్ కోనర్ ఇద్దరూ ఆస్కార్ నామినేషన్ పొందారు.

ఈ చావు ఊరేగింపును చూసినప్పుడల్లా నాకు మన కాటి సీను గుర్తొస్తుంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకంలో పాము కరిచి చనిపోయిన కొడుకును ఎత్తుకుని చంద్రమతి శ్మశానానికి వస్తుంది, కాటికాపరి ఆమె భర్తే, కాటి సుంకం చెల్లించనిదే దహనానికి ఒప్పుకోడు. భూమి మీద ఇంతకంటే అతి అయిన కుటుంబ కథ ఉంటుందా? జాషువా శ్మశాన పద్యాలను కూడా అందులో చేర్చి పాడేవారు. డి.వి. సుబ్బారావు వంటి నటులు రాగం తీస్తుంటే జనం వన్స్‌మోర్ కొట్టి మళ్ళీ పాడించుకునేవారు. కొడుకు శవం ముందున్న తండ్రిని వన్స్‌మోర్ అడగడం వాస్తవికత లెక్కలో ఘోరం. పద్యనాటకం లెక్కలో అది రసజ్ఞత. ఆ హాల్లో ఎవరూ సంయమనం లోపించిందని ఫిర్యాదు చేయలేదు, ఎందుకంటే దుఃఖానికి అక్కడొక రూపం ఉంది. పద్యం దాన్ని మోస్తుంది, రాగం దానికి కొలత పెడుతుంది, జనానికి ఎక్కడ ఏడవాలో ఎక్కడ చప్పట్లు కొట్టాలో తెలుసు.

నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇదే. అతి ఎంత ఉందని కొలిచే ముందు, ఆ అతిని మోయడానికి సినిమా ఏ రూపాన్ని ఎంచుకుందో చూడాలి. మోసే రూపం ఉంటే ఎంత దుఃఖమైనా నిలుస్తుంది. లేకపోతే చిన్న అరుపు కూడా నటనగా బయటపడిపోతుంది.

‘ఆగస్ట్: ఒసేజ్ కౌంటీ’ ఈ రెండో మాటకు సాక్ష్యం. ట్రేసీ లెట్స్ రాసిన ఈ నాటకం 2007లో షికాగో స్టెపెన్‌వుల్ఫ్ థియేటర్‌లో మొదలై 2008లో పులిట్జర్, టోనీ రెండూ తెచ్చుకుంది. 2013లో జాన్ వెల్స్ దాన్ని సినిమాగా తీశాడు. మెరిల్ స్ట్రీప్, జూలియా రాబర్ట్స్ ఇద్దరూ ఆస్కార్ నామినేషన్లు పొందారు. సమీక్షలు మాత్రం రెండుగా చీలాయి. నటీనటులు ఒకరి మీద ఒకరు పోటీపడి అరిచారన్నది ఎక్కువమంది ఫిర్యాదు. ఇక్కడా చావు ఇల్లే. తండ్రి ఆత్మహత్య తర్వాత కూతుళ్ళంతా బల్ల చుట్టూ చేరారు. నోటి క్యాన్సర్‌తో, మాత్రల మత్తుతో ఉన్న తల్లి వయొలెట్ ఒక్కొక్కరి గుట్టూ విప్పుతూ పోతుంది. చివరికి పెద్దకూతురు తల్లి మీద పడి మాత్రల సీసా లాక్కుంటుంది.

రంగస్థలం మీద ఈ నాటకం మూడు గంటలకు పైగా నడిచేది. వేదిక మీద మూడంతస్తుల ఇల్లు, మధ్యలో విరామాలు, జనం నవ్వులు. అరుపుకూ అరుపుకూ మధ్య ఊపిరి తీసుకునే వీలుండేది. సినిమా దాన్ని రెండు గంటలకు కుదించింది. కుదించేటప్పుడు సహజంగానే గొడవలు మిగిలాయి, గొడవల మధ్య ఖాళీలు పోయాయి. వాస్తవిక నటన, సహజమైన వెలుతురు, ముఖం మీదికి వచ్చే కెమెరా. నాటకపు ఎత్తున రాసిన మాటలకు ఇవి సరిపడలేదు. నాటకం వయొలెట్ ఒంటరితనంతో ముగిస్తే, సినిమా పెద్దకూతురు కారెక్కి వెళ్ళిపోయే దృశ్యాన్ని తగిలించి కాస్త ఊరట ఇచ్చింది. అంతసేపు విషం తాగించి చివర్లో చక్కెర పెట్టడం నాకు నచ్చలేదు. ఈ సినిమా విషయంలో విమర్శకుల అసంతృప్తి న్యాయమైనదే. కాకపోతే వాళ్ళు వేలు పెట్టి చూపింది నటుల గొంతును. తప్పు జరిగింది కత్తెర దగ్గర.

ఇప్పుడు మన ‘బలగం’ వద్దకు వద్దాం. 2023 మార్చిలో వచ్చిన వేణు యెల్దండి సినిమా ఇది. తెలంగాణ పల్లెలో కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. పిట్టకు పెడితే పిట్ట ముట్టదు. ఎందుకు ముట్టడం లేదన్నదే కథ. ఎప్పుడో విందులో నల్లి బొక్క దగ్గర అల్లుడికి మర్యాద జరగలేదు. ఆ పంతం మీద ఆడబిడ్డ ఇన్నేళ్ళు పుట్టింటి గడప తొక్కలేదు. అన్నదమ్ములకూ పడదు. పదకొండో రోజు బుడగ జంగాల గాయకులు వచ్చి చనిపోయినవాడి గురించి పాడతారు. ఆ పాటకు ఇంటిల్లిపాదీ భోరున ఏడుస్తారు, దృశ్యం చాలాసేపు నడుస్తుంది, ఒక్కరూ కన్నీళ్ళు దాచుకోరు. కొలిస్తే దీనికంటే పచ్చిగా ఏడిపించే పతాక సన్నివేశం ఇటీవలి తెలుగులో లేదు. అయినా సమీక్షకులు అతి అనలేదు. నిజాయితీ ఉందన్నారు. ఊళ్ళలో తెరలు కట్టి జనం గుంపులుగా చూశారు, విడిపోయిన అన్నదమ్ములు కలిశారన్న వార్తలు పత్రికల్లో వచ్చాయి.

తేడా ఎక్కడుంది? నల్లి బొక్క గొడవ చిన్నది, నవ్వు పుట్టించేది, ప్రతి ఇంట్లోనూ ఉండేది. ఏడుపు దగ్గరికి వచ్చేసరికి దర్శకుడు డైలాగుల మీద ఆధారపడలేదు. చావు ఇళ్ళలో పాడటమే వృత్తిగా ఉన్న మొగిలయ్య, కొమురమ్మ దంపతులను తెచ్చి నిలబెట్టాడు. దుఃఖాన్ని బయటికి తీసే పద్ధతి ఆ పల్లెలో ముందు నుంచీ ఉంది, సినిమా దానికి చోటిచ్చింది. సర్క్ మహేలియా జాక్సన్‌ను నిలబెట్టింది ఇందుకే. ఇద్దరు దర్శకులకూ ఒకరితో ఒకరికి సంబంధం లేదు, దేశాలు వేరు, అరవై నాలుగేళ్ళ దూరం ఉంది. ఇద్దరూ పతాక సన్నివేశాన్ని నటుల చేతిలోంచి తీసి గాయకుల చేతిలో పెట్టారు. పాట వచ్చాక ఆ ఏడుపు ఒక కుటుంబానిది కాకుండా ఊరిదవుతుంది.

బెంగాల్‌లో ఋత్విక్ ఘటక్ దీన్ని సిద్ధాంతంగానే పట్టుకున్నాడు. 1955లో సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలీ’ వచ్చాక మన దేశంలో మంచి సినిమా అంటే నెమ్మది, సంయమనం, సహజత్వం అని విమర్శకుల్లో ఒక కొలబద్ద స్థిరపడింది. రాయ్ గొప్పతనంలో సందేహం లేదు, కానీ ఆ కొలబద్దతో ఘటక్‌ను కొలవడం అన్యాయమైంది. 1960 నాటి ‘మేఘే ఢాకా తారా’లో దేశ విభజనతో కలకత్తా శివార్లకు చేరిన శరణార్థి కుటుంబం ఉంది. పెద్దకూతురు నీత జీతం మీద ఇల్లు నడుస్తుంది. ఆమె ప్రేమించినవాణ్ణి చెల్లెలు పెళ్ళాడుతుంది. తల్లికి ఆ సంగతి ముందే తెలుసు, ఇంటికి సంపాదించేది నీత ఒక్కతే కాబట్టి ఆమె పెళ్ళి జరగకపోవడమే తల్లికి కావాలి. తమ్ముడు ఫ్యాక్టరీ ప్రమాదంలో దెబ్బతింటాడు. నీతకు క్షయ వస్తుంది. కష్టాల జాబితా రాస్తే ఏ కన్నీటి సినిమాకూ తీసిపోదు.

ఘటక్ దాన్ని శబ్దంతో మోయించాడు. తను ప్రేమించినవాడి గదిలో చెల్లెలు ఉందని తెలిసి నీత మెట్లు దిగుతుంటే కొరడా దెబ్బల చప్పుడు వినిపిస్తుంది. కొరడా తెర మీద ఎక్కడా లేదు, కథలోనూ లేదు. నీత పాత్రధారిణి సుప్రియా చౌధురి ముఖం పైకెత్తి గొంతు పట్టుకుని దిగుతుంది. ఆ చప్పుడు వాస్తవికత నియమాలన్నిటినీ తోసిపారేస్తుంది. అది వినపడకపోతే ఆ మెట్లు దిగడం ఒక ఆడపిల్ల ప్రేమ విఫలమైన దృశ్యంగా మిగిలిపోయేది. వినపడటం వల్ల ఒక దేశాన్ని రెండుగా కోసినప్పుడు ఆ దెబ్బ ఎవరి వీపు మీద పడిందో తెలుస్తుంది. మెలోడ్రామాను వాడటం తన హక్కు అని, అదొక రూపమని ఘటక్ బాహాటంగానే చెప్పుకున్నాడు. ఈ సినిమా ఆయనకు డబ్బు తెచ్చింది. తర్వాతి ‘కోమల్ గాంధార్’ పోయింది. ‘సువర్ణరేఖ’లో తాగిన మత్తులో అన్న వెళ్ళిన వేశ్య ఇంట్లో సొంత చెల్లెలే ఎదురవడాన్ని విమర్శకులు నమ్మశక్యం కాని యాదృచ్ఛికమన్నారు. 1976లో ఆయన పోయాకే ప్రపంచం ఆయన వైపు తిరిగింది.

ఇంతా చెప్పాక సంయమనాన్ని తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. పిల్లలు ముసలి తల్లిదండ్రులను ఎలా చూస్తారన్న ఒకే విషయం మీద మూడు దేశాల సినిమాలున్నాయి. 1937లో లియో మెకేరీ తీసిన ‘మేక్ వే ఫర్ టుమారో’, 1953లో ఓజు తీసిన ‘టోక్యో స్టోరీ’, 1972లో ఎన్.టి. రామారావు, అంజలీదేవి నటించిన ‘బడిపంతులు’. మెకేరీ సినిమాలో విడిపోయిన ముసలి దంపతులు రైల్వే స్టేషన్‌లో శాశ్వతంగా వీడ్కోలు చెప్పుకుంటారు. స్టూడియో సుఖాంతం అడిగినా ఆయన ఒప్పుకోలేదు, సినిమా నడవలేదు. ఓజు సినిమాలో తల్లి అంత్యక్రియలయ్యాక అందరూ భోజనానికి కూర్చుంటారు. అక్కడే పెద్దకూతురు అమ్మ బట్టల్లో ఫలానావి నాకు కావాలని మామూలు గొంతుతో అడుగుతుంది. ఒక్కరూ ఆమెను తిట్టరు. ఆ నెమ్మదితనం ఎంత పదునైనదంటే ఒసేజ్ భోజనబల్ల మీది అరుపులన్నీ దాని ముందు తేలిపోతాయి. 2012లో సైట్ అండ్ సౌండ్ పత్రిక దర్శకులను అడిగితే వాళ్ళు ‘టోక్యో స్టోరీ’ని ప్రపంచంలోకెల్లా ఉత్తమ చిత్రంగా ఎన్నుకున్నారు.

కన్నడ ‘స్కూల్ మాస్టర్’ (1958) నుంచి వచ్చిన ‘బడిపంతులు’ అదే బాధను పాటలతో, పెద్ద మాటలతో, చివర్లో శిష్యుడి అండతో చెబుతుంది. దాన్ని ఓజు పక్కన పెట్టి తక్కువ చేయడం తేలిక. కానీ మెకేరీ, ఓజు సినిమాల్లో లేనిదొకటి పంతులు కథలో ఉంది. బిడ్డలు వదిలేసినా బడి వదిలేయలేదు, ఊరు వదిలేయలేదు. రక్తబంధం వెలుపల ఒక బంధం ఉందన్న ఆ ఊహ 1972లో ప్రతి పల్లెబడి పంతులికీ సొంతమైనది. అది మనసుకు పట్టాలంటే కొంచెం గొంతు పెంచాల్సిందే.

‘రక్తసంబంధం’ విషయంలో మన విమర్శ చేయాల్సిన పని ఇంకా మొదలే కాలేదని నా అభిప్రాయం. తమిళ ‘పాసమలర్’ (1961)కు ఇది మరుసటి ఏటి తెలుగు రూపం. అదే 1962లో ‘గుండమ్మ కథ’లో జంటగా నవ్వించిన రామారావు, సావిత్రి ఇక్కడ అన్నాచెల్లెళ్ళు. కొన్ని నెలల తేడాతో జనం ఆ మార్పును ఒప్పుకున్నారంటే ఆ నటుల శక్తి ఏమిటో ఊహించవచ్చు. చివరికి అన్నాచెల్లెళ్ళిద్దరూ ప్రాణాలు విడుస్తారు. దాన్ని అన్నాచెల్లెళ్ళ సెంటిమెంటుకు పరాకాష్ఠ అని ఒక్క మాటలో తేల్చేసి ఊరుకున్నాం. నిజానికి అన్న ఫ్యాక్టరీ యజమాని, చెల్లెలు కట్టుకున్నవాడు కార్మికుల పక్షాన నిలిచినవాడు. యజమానికీ కార్మికుడికీ మధ్య తేలని తగవు ఆ చెల్లెలి గుండెలో వచ్చి పడింది. ఎల్సేసర్ 1972లో హాలీవుడ్ గురించి చెప్పిన సూత్రానికి ఇంత సరిపోయే సినిమా మన ఇంట్లోనే పదేళ్ళ ముందు ఉంది.

‘మాతృదేవోభవ’ (1993) దగ్గర నా మనసు రెండు వైపులా లాగుతుంది. మలయాళ ‘ఆకాశదూతు’కు ఇది తెలుగు రూపం, రెంటిలోనూ నటి మాధవియే తల్లి. ‘ఆకాశదూతు’ కుటుంబ సంక్షేమంపై ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది, తెలుగు చిత్రంలో పాటకు వేటూరికి జాతీయ పురస్కారం వచ్చింది. భర్త చావు, క్యాన్సర్, కాలు సరిగా లేని పిల్లవాడు, ఇలా కష్టం మీద కష్టం పేర్చారన్న విమర్శ తప్పు కాదు. విలన్‌ను తెచ్చి భర్తను చంపించనక్కర్లేదు, అది చేతికందిన మసాలా. కానీ ఆ తల్లి తాను పోయేలోపు ఒక్కో బిడ్డకూ ఒక్కో ఇల్లు వెతికే భాగంలో అతి లేదు. అదొక పేద తల్లి చేసిన పక్కా ఏర్పాటు. ఏ ఇంటికి ఏ బిడ్డ సరిపోతుంది, ఎవరు అడుగుతారు, ఎవరూ అడగని బిడ్డ ఎవరు? ఆ ప్రశ్నల ముందు హాలంతా ఏడ్చిందంటే అందులో తమ పిల్లల లెక్క వేసుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. అనాథలకు దిక్కు చూపని వ్యవస్థ మీద ఆ కన్నీళ్ళే అభియోగం. సమీక్షల్లో ఈ సగం గురించి రాయవలసినంత రాయలేదు.

అతి ఏడుపుదే కానక్కర్లేదు. 2016 నాటి ‘బ్రహ్మోత్సవం’లో ఇంటినిండా జనం, తెరనిండా నవ్వులు, పండగలు. కుటుంబం అంటే ఆనందమని రెండున్నర గంటలు చెప్పినా ఆ ఇంట్లో ఎవరికి ఏం లోటో తెలియలేదు. విమర్శకులూ జనమూ ఒక్కటై దాన్ని తిరస్కరించారు. లోటు లేని చోట పొంగేదేమీ ఉండదు.

కుటుంబ చిత్రాలకు మన సమీక్షల పద్ధతి కూడా అడ్డమే. అమెరికా ప్రీమియర్ పడిన గంటల్లోనే ఇక్కడి మార్నింగ్ షో మొదలయ్యేలోపు రేటింగ్ వచ్చేస్తుంది. రాసేది ఎక్కువగా యువకులు, మగవాళ్ళు. చూసేది అభిమానుల ఈలల మధ్య. కుటుంబ చిత్రానికి దాని జనం శని, ఆదివారాలకు గానీ రారు, కొన్నిటికి రెండో వారానికి గానీ కదలరు. ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ ల్యాగ్, ఎమోషన్ కనెక్ట్ కాలేదు అన్న మూడు మాటల్లో తీర్పు ముగిసిపోతుంది. ఎవరికి కనెక్ట్ కాలేదో రాయరు. ఆ రోజు హాల్లో ఉన్నది ఎవరో కూడా రాయరు. విజయచిత్ర, జ్యోతిచిత్ర, సితార పత్రికలు నడిచిన రోజుల్లో ఉత్తరాల శీర్షికల్లో కనీసం ఊళ్ళ నుంచి గృహిణులు రాసిన అభిప్రాయాలు అచ్చయ్యేవి. ఇప్పుడు ఆ గొంతు సమీక్షలో ఎక్కడా వినపడదు.

కుటుంబ చిత్రానికి మొదటిరోజు సమీక్షతో పాటు పది రోజుల తర్వాత రెండో సమీక్ష వేయవచ్చు. దాన్ని సిరిసిల్లలోనో తణుకులోనో మ్యాట్నీ చూసి, హాలు ఎక్కడ నిశ్శబ్దమైంది, ఎక్కడ ముక్కులు చీదింది, ఎక్కడ విసుగుతో బయటికి లేచింది అన్నది చూసి రాయాలి. జనం ఏడ్చారు కాబట్టి సినిమా మంచిదని అందులో తేల్చనక్కర్లేదు. వాళ్ళు ఏ దృశ్యం దగ్గర ఏడ్చారో పట్టుకుని, ఆ దృశ్యం ఎలా కట్టారో విప్పి చెబితే చాలు.